సార్ పెట్టె, మూడు ఏడీసీలు: హన్మకొండల చేసిన ఒక డిజిటైజేషన్ కేసు

పోయిన ఎండాకాలం ఒక రిటైర్డ్ తెలుగు సార్ ఆటోల రేకు పెట్టె వేసుకొని నయీంనగర్‌ల నా రూముకు వచ్చిండు. పెట్టెల 18 ఎల్పీలు, 23 క్యాసెట్లు, అడుగున పాత పంచెల చుట్టిన రెండు 78 రికార్డులు. ఎల్పీలు మామూలే, నాదస్వరం, హరికథ, భక్తి పాటలు, ఇసొంటివి ఎక్కడో ఒక దగ్గర దొరుకుతయి. క్యాసెట్లే అసలు సంగతి. సార్ వాళ్ల బాపు ఒగ్గు కథ చెప్పేటోడంట, ఐనవోలు మల్లన్న జాతరల, ఊర్లల్ల బీరప్ప పండుగలప్పుడు చెప్పింది సారే అప్పట్ల చిన్న టేప్ రికార్డర్ పట్టుకపోయి ఎక్కించుకున్నడు. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ముప్పై ఏండ్లకు పైన సజ్జ మీద ఉన్నయి.

సార్ కొడుకు అమెరికాల ఉంటడు. ఆయన నెట్‌ల చదివి "ముందు మంచి ఏడీసీ కొను నాన్నా, లేకుంటే చేసిందంతా వేస్ట్" అని చెప్పిండంట. ఏడీసీ అంటే ప్లేయర్ నుంచి వచ్చే సప్పుడును కంప్యూటర్ అంకెలల్లకు మార్చే డబ్బా, కన్వర్టర్ అని కూడా అంటరు. సార్ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "తమ్మీ, లక్షన్నర పెట్టి ఆ డబ్బా కొనాల్నా, నీ దగ్గరున్నదానితోటి అయితదా?"

నిజం చెప్పాలంటే నేను ఇన్నేండ్ల నుంచి అందరికి "కన్వర్టర్‌తోటి ఏం కాదు, ముందు నీడిల్ మార్చుకో" అని చెప్పుకుంటనే వస్తున్న గాని ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి కొలిచి చూడలే. చెప్పుడు అలవాటైపోయింది అంతే. ఈసారి సార్ డబ్బుల సంగతి కాబట్టి సక్కగ చేద్దామనుకున్న.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. రికార్డ్ ప్లేయర్ నుంచి గాని క్యాసెట్ డెక్ నుంచి గాని వచ్చేది కరెంటు అల, అది ఎక్కడా తెగకుండ పైకి కిందికి పోతనే ఉంటది. ఆ అలను సెకనుకు 44,100 సార్లో 96,000 సార్లో కొలిచి అంకెలు రాసుకునేది ఏడీసీ. ఎన్నిసార్లు కొలుస్తున్నదనేది శాంపిల్ రేటు, ఒక్కోసారి ఎంత సన్నగ కొలుస్తున్నదనేది బిట్లు. అన్నిటికంటే గట్టి సప్పుడుకు, అడుగున ఉండే సొంత సప్పుడుకు మధ్య దూరాన్ని డీబీలల్ల (డెసిబెల్స్) చెప్తరు. 16 బిట్లంటే కాగితం మీద 96 డీబీ, 24 బిట్లంటే 144 డీబీ, కానీ 144 ఇచ్చే డబ్బా ఎక్కడా లేదు, మంచివి కూడా 110 నుంచి 120 చిల్లర దగ్గర ఆగిపోతయి. ఇగ రికార్డ్ సంగతికొస్తే వినైల్ మీద మస్తు మంచిగ ఉన్నదాంట్ల 60-70 డీబీ, మామూలు క్యాసెట్ల 50-60. ఈ అంకెలు చూస్తేనే సగం జవాబు దొరికింది గదా అనిపిస్తది. నాకు కూడా అట్లనే అనిపించింది, అక్కడ్నే దెబ్బ తిన్న.

పెట్టిన సామాను ఇది. డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, దానికి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (నీడిల్ కదలికను కరెంటుగ మార్చే ముక్క), దాని అవుట్‌పుట్ 4 మిల్లీవోల్టులు, నీడిల్ రికార్డ్ మీద మోపే బరువు 2 గ్రాములు. తర్వాత ఆ సన్న కరెంటును పెంచే ఫోనో ప్రీయాంప్, దాని గెయిన్, అంటే పెంచుడు, 40 డీబీ. ఆ ప్రీయాంప్ వెనుక మూడు డబ్బాలు. ఒకటి, రెండు మూడు వేలల్ల దొరికే చిన్న యూఎస్‌బీ డబ్బా, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకే, లోపల పీసీఎం2902 అనే చిప్, ఆ చిప్ డేటాషీట్ల రికార్డింగ్ వైపు 89 డీబీ అని ఉన్నది. రెండోది నేను రోజూ వాడే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో జనరేషన్, 24 బిట్, 192 వరకు పోతది, లైన్ ఇన్‌పుట్‌కు 110 డీబీ చిల్లర. మూడోది ఆర్‌ఎంఈ ఏడీఐ-2 ప్రో ఎఫ్‌ఎస్, 120 డీబీ, హైదరాబాద్‌ల ఉన్న దోస్తు దగ్గర బతిమాలి పది రోజులకు తెచ్చుకున్న, బస్సుల ఒళ్లోనే పెట్టుకొని కూసున్న.

మొదటి రోజు ఒక నాదస్వరం ఎల్పీ సైడ్ మూడు సార్లు మూడు డబ్బాలల్ల ఎక్కించి సార్‌కు వినిపించిన. ఆయన ఒక్క నిమిషంల తేల్చేసిండు. "ఈ చిన్నదాంట్ల డోలు ఎటు పోయింది తమ్మీ, అంత నడిమిట్ల ముద్ద లెక్క ఉన్నది, పెద్దదాంట్ల ఎవడెవడు ఎక్కడ కూసున్నడో తెలుస్తున్నది." నాకు కూడా అట్లనే వినిపించింది. కొడుకు చెప్పింది నిజమే అని ఫోన్ కూడా చేద్దామనుకున్నడు.

రాత్రి చిన్న డబ్బా వేవ్‌ఫామ్ (సప్పుడు అల బొమ్మ) దగ్గరికి జరిపి చూస్తే ఎడమ, కుడి రెండూ ఒక్క తీరుగ ఉన్నయి. అంటే స్టీరియోనే కాదు. ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్‌ల ఈ డబ్బా మైక్రోఫోన్ అని నమోదైంది, ఒక్క ఛానల్ మైక్ అని, పైనుంచి లెవెల్ తనంతట తనే పెంచుకునే ఆప్షన్ ఆన్‌ల ఉన్నది. ఇది నేను చూడకపోవుడే, డబ్బా తప్పేం లేదు. రెండు ఛానళ్లు, 48 కిలోహెర్ట్జ్ అని పెట్టి ఆ ఎక్స్‌ట్రాలు అన్ని బంద్ చేస్తే ముద్ద పోయింది. ఇంకోటి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ల హోస్ట్ (విండోస్‌ల సప్పుడు లోపలికొచ్చే దారి) ఎంఎంఈ మీద ఉంటే పెద్ద డబ్బా పెట్టినా 24 బిట్లు లోపలికి రావు, వాసాపీ అని మార్చుకోవాలె. లక్షన్నర డబ్బా కొని ఎంఎంఈ మీద ఎక్కిస్తున్నోళ్లు ఎంతమంది ఉన్నరో ఏమో.

మొదటి రోజు టెస్టు మొత్తం తీసి పారేసిన. సార్ నవ్విండు, "నాలుగు పేపర్లు తప్పు దిద్దినోడి లెక్క అయింది నీది" అని.

రెండో రోజు చిన్న డబ్బా నిజంగనే దొరికిపోయింది, ఈసారి నా తప్పు కాదు, ప్రీయాంప్ లెవెల్‌కు డబ్బా లెవెల్‌కు కుదరలే. చూడున్రి, కార్ట్రిడ్జ్ 4 మిల్లీవోల్టులు, 40 డీబీ అంటే నూరింతలు, 0.4 వోల్ట్. ఇది మామూలు లెవెల్‌కు. రికార్డ్ మీద గట్టి చోట్లు దీనికంటే 12 డీబీ పైకి పోతయి, అంటే నాలుగింతలు, 1.6 వోల్టులు, డీబీవీల (1 వోల్ట్‌ను సున్నా అనుకొని కొలిచే డీబీ) చెప్తే ప్లస్ 4. చిన్న డబ్బా మాన్యువల్‌ల మ్యాక్సిమమ్ ఇన్‌పుట్ 2 డీబీవీ అని రాసి ఉన్నది. దానికి గెయిన్ నాబ్ లేదు. అంటే డోలు గట్టిగ పడ్డప్పుడల్లా 2 డీబీ మేర తల తెగుతది. జూమ్ చేసి చూస్తే డోలు దెబ్బ దగ్గర అల పైభాగం బల్ల లెక్క చదునుగ ఉన్నది. సాఫ్ట్‌వేర్ల వాల్యూమ్ తగ్గిస్తే ఏం కాదు, అప్పటికే తెగిపోయింది, తెగినదే చిన్నగ కనిపిస్తది అంతే.

స్కార్లెట్ల గెయిన్ మొత్తం తగ్గిస్తే లైన్ ఇన్‌పుట్ 22 డీబీయూ (0.775 వోల్ట్‌ను సున్నా అనుకునే ఇంకో కొలత) వరకు తట్టుకుంటది. ప్లస్ 4 డీబీవీ అంటే 6 డీబీయూ చిల్లర, ఇంక 16 డీబీ జాగ ఉన్నది, హాయిగ. ఆర్‌ఎంఈల ప్లస్ 4, 13, 19, 24 డీబీయూ అని నాలుగు మెట్లు ఉన్నయి, ప్లస్ 4 మీద పెడితే అది కూడా చిన్న డబ్బా లెక్కనే తెగుతది, ప్లస్ 13 మీద పెట్టిన, గట్టి దెబ్బ కూడా మైనస్ 7 దగ్గర ఆగింది. కన్వర్టర్ కొనేటప్పుడు అందరు 24 బిట్టా 32 బిట్టా, లోపల చిప్ ఏ కంపెనీది అని అడుగుతరు గాని ఎన్ని వోల్టుల వరకు తీసుకుంటది, నాబ్ ఉన్నదా లేదా అని ఎవ్వరు అడగరు. చిన్న డబ్బాకు ముందట ఒక్కో ఛానల్‌కు రెండు రెసిస్టర్లు పెట్టి 6 డీబీ తగ్గించుకుంటే ఆ రోగం పోతది, టంకం పెట్టుడు వస్తే పది రూపాయల పని. నేను అట్లనే చేసి మిగిలిన టెస్టుకు వాడిన.

చిప్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. 2020 అక్టోబర్ల జపాన్‌ల నోబెయోకా దగ్గర, ఇసొంటి డబ్బాలల్ల పెట్టే చిప్‌లు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ తర్వాత చాలా కంపెనీలు లోపల చిప్ మార్చి బోర్డు మళ్ల గీసుకున్నయి. అందుకని పాత రివ్యూ చదివి అదే పేరుతోటి కొత్తది కొంటే లోపల అదే సరుకు ఉంటదని గ్యారంటీ లేదు, ఏ వర్షనో చూసుకోవాలె.

ఇగ గుయ్ మనే హమ్. మూడు డబ్బాలల్ల మూడు తీర్ల హమ్ వచ్చింది, ఆర్‌ఎంఈలనే అన్నిటికంటే ఎక్కువ, నేను పరేషాన్ అయిన. కారణం ఏందంటే స్కార్లెట్, చిన్నది రెండూ యూఎస్‌బీ కరెంటు మీదనే నడుస్తయి, వాటిని బ్యాటరీ మీద ఉన్న ల్యాప్‌టాప్‌కు పెట్టిన, ఆర్‌ఎంఈ పెట్టిన రోజు మాత్రం ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌ల ఉన్నది, త్రీ పిన్ ఛార్జర్, దాని ఎర్త్ ఒక దారి, ప్రీయాంప్ ఎర్త్ ఇంకో దారి, రెండు దార్లు కలిసి లూప్ అయింది. ఛార్జర్ పీకేస్తే 50 హెర్ట్జ్ కరెంటు హమ్ పోయింది. ఇంకా సన్నగ జిర్ర్ మనే సప్పుడు మిగిలింది, అది ఫ్యాన్ రెగ్యులేటర్ది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలు కోసి పంపిస్తది, ఆ కోతలన్ని 4 మిల్లీవోల్టుల ఫోనో వైరుల దూరి నూరింతలు పెద్దగైతయి. ఫ్యాన్ ఫుల్ స్పీడ్ పెడితే తగ్గింది, బంద్ చేస్తే మొత్తం పోయింది. మే నెలల ఓరుగల్లుల ఫ్యాన్ బంద్ చేసి రికార్డింగ్ అంటే ఎట్లుంటదో వేరే చెప్పాల్నా, అందుకే అన్ని సైడ్లు పొద్దుగాల ఐదు నుంచి ఎనిమిది లోపల చేసినం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద పడ్డప్పుడైతే అసలు ఎక్కియ్యొద్దు, పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే హమ్ కాదు, తేనెటీగల తుట్టెనే.

ఇవన్ని సాఫ్ అయినంక రికార్డ్ మొదట్ల పాట రాకముందు ఉండే ఖాళీ గీత దగ్గర సప్పుడు ఎంతున్నదో కొలిచిన. మూడింట్లనూ మైనస్ 58 డీబీ చుట్టే, అర డీబీ కూడా తేడా లేదు. ఎందుకంటే ఆ సప్పుడు రికార్డ్‌ది, గీత గోడలకు నీడిల్ రాసుకునే సప్పుడు. చిన్న డబ్బా సొంత సప్పుడు దానికంటే 30 డీబీ కింద ఉన్నది. 30 డీబీ కింద ఉన్నది దీంతోటి కలిస్తే మొత్తం పెరిగేది డీబీల వెయ్యో వంతులల్ల, 0.004 అంత. బోనాల డప్పుల నడుమ గడియారం టిక్కుటిక్కు వినబడుతదా?

చెవి టెస్టు కూడా పెట్టినం, ఎందుకంటే సార్ కొడుకు అంకెలు నమ్మడంట, వినాలంట. ఒక్కటే సైడ్ మూడుసార్లు ఆడించి పోలిస్తే సరైన టెస్టు కాదు, ఎక్కిన ప్రతిసారి చిటపటలు కొంచెం మారుతయి, స్పీడ్ కూడా వెంట్రుకవాసి అటుఇటు అయితది. అందుకని ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను వై కేబుల్‌తోటి చీల్చి రెండు డబ్బాలల్ల రెండు ల్యాప్‌టాప్‌ల మీద ఒకటేసారి ఎక్కించిన. ఇండ్ల కూడా ఒక మెలిక ఉన్నది, రెండు డబ్బాల గడియారాలు ఒక్కటి కాదు. ఆ గడియారాల క్రిస్టల్స్ మధ్య 50 పీపీఎం (పది లక్షలకు 50) తేడా ఉన్నా 20 నిమిషాల సైడ్ చివరికి 60 మిల్లీసెకండ్లు జరుగుతది, ఒకదాంట్లకెల్లి ఒకటి తీసేసి చూద్దామంటే కుదరదు. డెల్టావేవ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, అది ఈ జరుగుడును సరిచేసి పక్కపక్కన పెడతది. లెవెల్స్ 0.1 డీబీ లోపలికి తెచ్చిన, ఇది చెయ్యకుంటే కొంచెం గట్టిగ ఉన్నదే మంచిదని చెవి చెప్తది, ఎవ్వరి చెవైనా.

ఫూబార్ అనే ప్లేయర్ల ఏబీఎక్స్ (ఏది ఏదో చెప్పకుండ వినిపించే టెస్టు) పెట్టి సార్‌కు పది సార్లు వినిపించిన, చిన్నది ఏది, పెద్దది ఏది. పదిట్ల తొమ్మిది సరిగ చెప్తే నిజంగ వినబడుతున్నట్టు, ఎనిమిది అయినా ఇంక అనుమానమే. సార్‌కు ఐదు వచ్చినయి. నాకు ఆరు. సార్ మనుమరాలికి, ఇంటర్ చదువుతది, చెవులు మనకంటే మంచిగుంటయి, నాలుగు. స్కార్లెట్, ఆర్‌ఎంఈ మధ్య పెడితే మధ్యల సార్ కునుకు తీసిండు.

అదే రోజు డబ్బా మార్చకుండనే తేడా ఎక్కడ వచ్చిందో చెప్తా. ఆ కార్ట్రిడ్జ్‌కు తగిలే కేబుల్, ప్రీయాంప్ రెండింటి కెపాసిటెన్స్ (కరెంటును కొంచెం దాచుకునే గుణం) కలిపి 100 నుంచి 200 పికోఫారడ్ ఉండాలని కంపెనీ చెప్తది. నా ప్రీయాంప్ లోపలనే 220 ఉన్నది, కేబుల్ ఇంకో 150, మొత్తం 370. అంత ఉంటే పై స్వరాలు ఒక చోట ఉబ్బి ఆ తర్వాత పడిపోతయి, తాళం సప్పుడు గీర లెక్క వస్తది. ప్రీయాంప్ విప్పి ఆ కెపాసిటర్ తీసేసిన, పొట్టి కేబుల్ పెట్టిన. అది సార్ టెస్టు అవసరం లేకుండనే, పక్క రూముల చాయ్ తాగుకుంట కనిపెట్టిండు, "ఇప్పుడు తాళం తాళం లెక్క ఉన్నది" అని. ఇన్నేండ్లు నేను దాని మీదనే ఎన్ని రికార్డులు ఎక్కించి ఇచ్చిన్నో తలుచుకుంటే సిగ్గైంది.

ఎల్పీలు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌ల స్కార్లెట్ మీదనే చేసినం. 96 ఎందుకంటే పాట కోసం కాదు, చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌కు గీతల సన్నటి కొనలు మంచిగ దొరుకుతయని. గంటకు 2 జీబీ అయితది, వేవ్ ఫైల్‌కు 4 జీబీ హద్దు కాబట్టి రెండు గంటలు దాటకుండ చూసుకోవాలె. అన్నట్టు, 33 స్పీడ్ రికార్డ్ ఒక్క చుట్టుకు 1.8 సెకన్లు, అడ్డంగ గీత పడ్డ రికార్డ్ ఉంటే దాని టిక్కు టిక్కుకు మధ్య ఎంతున్నదో వేవ్‌ఫామ్ల కొలిస్తే టర్న్‌టేబుల్ స్పీడ్ సక్కగ ఉన్నదో లేదో ఫ్రీగ తెలుస్తది. 78 రికార్డులు నేను ముట్టలే, వాటికి లావు నీడిల్ కావాలె, నా దగ్గర లేదు. సార్ వాటిని స్పిరిట్ పెట్టి తుడుద్దామని సీసా తీసిండు, చెయ్యి పట్టుకొని ఆపిన, అవి లక్కవి, స్పిరిట్ తగిలితే కరుగుతయి.

క్యాసెట్లల్ల 23 ఉంటే ఏడింటికి తెల్లటి బూజు. స్క్రూలు లేని అతికిన డబ్బాలు నాలుగు, వాటిని కోసి టేపు వేరే డబ్బాలకు మార్చిన. రెండింట్ల ఫెల్ట్ ముక్క ఊడిపోయింది, అది టేపును హెడ్‌కు ఒత్తిపట్టేది, అది లేకుంటే సప్పుడు వస్తది పోతది. ఒక్కో క్యాసెట్‌కు హెడ్ పక్కన స్క్రూ తిప్పి అజిమత్ (టేపుకు హెడ్ నిలబడే వంపు) సరిచేసుడు, రెండు ఛానళ్లు కలిపి మోనోల వింటుంటే "సుయ్యి" అనేది ఏ మలుపు దగ్గర పదునుగ వస్తదో అక్కడ ఆపాలె. ఇది ఒక్కోదానికి ఒక్కో తీరు, ఎందుకంటే ఎక్కించిన రికార్డర్ హెడ్ ఎట్ల వంగి ఉన్నదో మనం కూడా అట్లనే వంచాలె. టేపు సుయ్యిని తగ్గించే డాల్బీ బంద్. ఆ చిన్న రికార్డర్లల్ల డాల్బీ ఎక్కడిది, ఇప్పుడు ఆన్ చేస్తే ఉన్న పై సప్పుడు కూడా మింగుతది.

ఒగ్గు కథ టేపులల్ల డోలు పడ్డప్పుడల్లా బాపు గొంతు మునిగి, ఒక సెకను తర్వాత తేలుతది. సార్ అడిగిండు, "ఈ పెద్ద డబ్బాతోటైనా పైకి రాదా?" రాదు. అప్పటి రికార్డర్ల లెవెల్ తనే సర్దుకునే సర్క్యూట్ ఉండేది, డోలు గట్టిగ పడంగనే మొత్తం తగ్గించేది, గొంతు కూడా దాంతోటే తగ్గి టేపు మీద అట్లనే పడ్డది. సార్ కొంచెంసేపు మాట్లాడలే. సాయంత్రం కొడుకుకు ఫోన్ చేసి ఆ డబ్బా వద్దని ఆయనే చెప్పిండు, ఆ డబ్బుల్లకెల్లి పాత డెక్కుకు కొత్త బెల్టులు, పించ్ రోలర్ (టేపును లాగే రబ్బరు చక్రం) వేయించుమని నాకు చెప్పిండు. ఆర్‌ఎంఈ తిరిగి హైదరాబాద్ పోయింది. ఇచ్చేటప్పుడు నాకు బాధైంది, అది నిజం, మీటర్లు మస్తు ముద్దుగుంటయి దాని మీద.

ఒక్క టేపు మాత్రం నెల పట్టింది. ఐనవోలుల ఎక్కించింది, పెద్దపట్నం వేసే రాత్రి. మొదట్ల బాపు గొంతు బరువుగనే ఉన్నది, పోను పోను సన్నగై సైడ్ చివరికి పిల్లగాని గొంతు లెక్క అయింది. రికార్డర్ల సెల్లులు దిగిపోతుంటే మోటర్ నెమ్మదైతది, నెమ్మదిగ ఎక్కింది ఇప్పుడు సరైన స్పీడ్‌ల ఆడిస్తే గబగబ ఉరుకుతది. ఎంత సరిచెయ్యాల్నో తెలియాలంటే ఆ టేపులనే మారనిది ఒకటి కావాలె. వెతికితే మైక్ సెట్ హారన్ల గుయ్ మనే హమ్ దొరికింది, మాటల నడుమ సన్నగ. కరెంటు 50 హెర్ట్జ్ అయితే ఈ హమ్ దానికి రెండింతలు, 100 దగ్గర ఉండాలె. సైడ్ మొదట్ల 101 హెర్ట్జ్ దగ్గర ఉన్నది చివరికి 109 అయింది. మిగిలిన టేపులల్ల తీసేద్దామని చూసే హమ్‌ను ఇండ్ల ఒక్క ముక్క కూడా తియ్యకుండ కాపాడుకొని, రెండు నిమిషాలకొక చోట కొలిచి, దాని వెంబడే స్పీడ్ వంచుకుంట పోయిన.

దాంతోటి గొంతు మొదటి నుంచి చివరిదాక ఒక్క తీరుగ వచ్చింది, కానీ అది సరైన ఎత్తేనా అనేది తెలవదు. అప్పట్ల కరెంటు 50 మీద నిలకడగ ఉండేది కాదు, జాతరల జనరేటర్ పెట్టినా పెట్టి ఉంటరు. సార్‌ను పిలిచి ముందల కూసోబెట్టి స్పీడ్ అర శాతం అర శాతం దించుకుంట పోయిన. "ఇంక... ఇంకొంచెం... ఆఁ ఆగు. కాదు, ఒక్క పిసరు పైకి." మైనస్ 2.5 దగ్గర ఆగినం. సార్ కళ్లద్దాలు తీసి, ఇంకోసారి మొదటి నుంచి పెట్టుమన్నడు.